నీళ్లు సొరని బూటు.. అప్పులు ఇడువని బతుకు

వానలు పడ్డయంటే మన దిక్కు రబ్బరు బూట్లు ఎవలు తొడుగుతరో జెర యాది చేసుకోన్రి. స్లాబ్ పోసేకాడ సిమెంటు కంకరల నిలబడేటోళ్లు తొడుగుతరు, అదీ మేస్త్రీ మంచోడైతేనే. సింగరేణిల బాయి దిగే కార్మికులు తొడుగుతరు, ఎందుకంటే గనుల కాడ బూట్లు కంపెనీయే ఇయ్యాలని రూలున్నది. పట్నంల కాలనీలు మునిగితే సూడనీకి వచ్చే లీడర్లు తొడుగుతరు, ఫొటో దిగేదాక. నాటేసే అవ్వ మాత్రం ఒట్టి కాళ్లతోనే మడిల దిగుతది. పొద్దుందాక బురదల నాని వేళ్ల సందులు తెల్లగ ఉబ్బుతయి, పుండ్లు పడుతయి. రాత్రి ఇంత పసుపు, నూనె రాసుకొని పండుకుంటది. తెల్లారితే మల్ల అదే మడి.

నేను కైకిలోళ్ల ఇంట్ల పుట్టినోన్ని. పెద్ద సదువులు సదువలే, దొరికిన పుస్తకం దొరికినట్టు సదువుకున్న. గట్ల సదువుతుంటే ఒక మనిషి బతుకు కథ నాకు తగిలింది. నీళ్లు సొరని బూటు ఇయ్యాల బజార్ల అమ్ముతున్నరంటే అది ఆయన కష్టమే. పేరు చార్లెస్ గుడ్‌ఇయర్. ఆ పేరు వినంగనే మీకు టైరు యాదికొస్తది, నాకు తెలుసు. కానీ ఆ టైర్ల కంపెనీ ఆయనది కాదు. ఆయన సచ్చిపోయిన 38 ఏండ్లకు, 1898ల, ఫ్రాంక్ సైబర్లింగ్ అనే ఇంకొకాయన అమెరికాల కంపెనీ పెట్టి దానికి గుడ్‌ఇయర్ పేరు పెట్టుకున్నడు. ఆయన కుటుంబానికి ఆ కంపెనీతోని సంబంధమే లేదు.

అసలు కథ ఆయనకంటే మస్తు ముందు షురువైతది. రబ్బరు బూటును మొదలు తొడిగింది తెల్లోళ్లు కాదు, అమెజాన్ అడవుల ఆదివాసులు. వాళ్లు చెట్టుకు గాటు పెట్టి పాలు తీసేటోళ్లు. మట్టితోని పాదం అచ్చు చేసి, ఆ పాలల్ల ముంచి, పొగ మీద ఆరబెట్టి, మల్ల ముంచి, మల్ల ఆరబెట్టి, ఆఖరుకు లోపటి మట్టిని పగలగొట్టి తీసేసేటోళ్లు. మిగిలేది బూటు. ఇంకా పైకి, మెక్సికో దిక్కున్న జనాలు మూడు వేల ఏండ్ల కిందనే ఒక తీగె రసం కలిపి ఆ పాలను గట్టి రబ్బరుగ మార్చిన్రు, దానితోని ఆటబంతులు చేసిన్రు. ఏ పేటెంటు ఆఫీసుల సుత వాళ్ల పేరు లేదు. అన్నట్టు, ఇంగ్లీషోళ్లు దీన్ని ఇండియా రబ్బరు అన్నరు గాని అది మన ఇండియా కాదు. అమెరికా ఖండపు ఆదివాసులను ఇండియన్లు అని పిలిచిన తప్పే రబ్బరుకు సుత అంటుకున్నది.

1820ల తర్వాత బ్రెజిల్‌ల పారా రేవుకెల్లి ఈ ఆదివాసీ బూట్లు ఓడలెక్కి అమెరికాల బోస్టన్ పట్నానికి దిగినయి. మంచు కరిగి రోడ్లన్నీ బురదైతే తోలు బూటు నీళ్లు పీల్చుకుంటది, ఇది పీల్చుకోదు. జనం ఎగబడి కొన్నరు. వ్యాపారులు ఫ్యాక్టరీలు పెట్టిన్రు. కానీ పచ్చి రబ్బరుకు ఒక రోగమున్నది. చలికాలం రాయి లెక్క గట్టిపడి పగులుతది. ఎండకాలం బెల్లం పాకం లెక్క కారుతది, కంపు కొడుతది. కొన్నోళ్లు వాపసు తెచ్చి దుకాణాల ముంగట కుప్ప పోసిన్రు. కంపెనీలు ఒకటెనుక ఒకటి మూతపడ్డయి. ఒక కంపెనీ వాళ్లయితే కంపు కొట్టే వాపసు సరుకును రాత్రిపూట గుంత తవ్వి పూడ్చిపెట్టిన్రని అంటరు.

ఇగో, ఇక్కడికి వచ్చిండు మన మనిషి.

గుడ్‌ఇయర్ పుట్టింది 1800 డిసెంబర్ 29న, కనెక్టికట్ రాష్ట్రంల న్యూ హేవెన్ పట్నంల. తండ్రి అమాసా గుండీలు, వ్యవసాయ పనిముట్లు తయారుచేసి అమ్మేటోడు. కొడుకు ఆయనతోనే పనిజేసి, తర్వాత ఫిలడెల్ఫియాల పనిముట్ల దుకాణం పెట్టిండు. అరువుకిచ్చుడు ఎక్కువైంది, వసూలు తక్కువైంది. 1830 వచ్చేసరికి దివాలా. ఆ కాలంల అప్పు కట్టకుంటే జేల్ల ఏసేటోళ్లు. ఆయన జేలుకు పోవుడు గప్పుడు షురువైంది, సచ్చేదాక ఆగలే.

1834ల న్యూయార్క్‌ల ఒక రబ్బరు దుకాణంకు పోయిండు. నీళ్లల్ల మునగకుండ కట్టుకునే గాలి సంచి సూసి, దానికి మంచి వాల్వు చేసి పట్కపోయి సూపిచ్చిండు. దుకాణపాయన వాల్వును పక్కకు పెట్టి, కరిగి ముద్దైన సరుకు సూపిచ్చిండు. వాల్వు కాదు, ఈ రబ్బరుకు మందు కనిపెట్టే దమ్ముంటే చెప్పమన్నడు. గుడ్‌ఇయర్ రసాయనాలు సదివినోడు కాదు, చేతుల పైస లేదు. ఇంటికి పోంగనే అప్పులోళ్లు మల్ల జేల్ల ఏపిచ్చిన్రు. జేల్ల కూసొని భార్యను రెండే అడిగిండు: ఇంత రబ్బరు ముద్ద, ఇంట్లున్న రొట్టెల కర్ర. రబ్బరును పిసుకుడు, వత్తుడు అక్కడ్నే మొదలువెట్టిండు.

మొదటి ఆశ బూట్ల మీదనే పెట్టుకున్నడు. మెగ్నీషియా పొడి కలిపితే రబ్బరు తెల్లగ అయి జిగట పోతుంది అనిపిచ్చింది. ఒక దోస్తు పైసలిచ్చిండు. భార్య క్లారిస్సా, పిల్లలు, ఆయన, అందరు ఇంట్లనే కూసొని చలికాలమంత వందల జతల బూట్లు చేసిన్రు. అమ్మే లోపల ఎండకాలం వచ్చింది. బూట్లన్నీ కరిగి ఒకటే ముద్దైనయి. ఇరుగుపొరుగోళ్లు కంపు తట్టుకోలేక మొత్తుకున్నరు.

మన దిక్కు పత్తి పెట్టినోనికి గీ సంగతి ఇసిరి చెప్పనక్కరలేదు. పంట చేతికొచ్చినంక వాన పడితే ఎట్లుంటదో అట్ల.

తర్వాత నైట్రిక్ యాసిడ్‌తోని ప్రయోగం. రబ్బరు పైపొర గట్టిపడ్డది, ఆయన ఊపిరితిత్తులల్ల ఆ పొగ పోయి సావు దాక పోయివచ్చిండు. పెట్టుబడి పెట్టే మనిషి దొరికిండు, సరిగ్గ గప్పుడే 1837ల అమెరికాల బ్యాంకులు కుప్పకూలినయి. గుడ్‌ఇయర్ కుటుంబం స్టేటెన్ ఐలాండ్‌ల మూతబడ్డ రబ్బరు ఫ్యాక్టరీల తలదాచుకున్నది. సముద్రంల శాపలు పట్టుకొని కడుపు నింపుకున్నరు. మల్ల బోస్టన్ దిక్కు పోయిండు. సర్కారు తపాలా శాఖ 150 ఉత్తరాల సంచులు చేసి ఇయ్యమన్నది. చేసి, గర్వంగ ఏలాడదీసి, కొన్నొద్దులు బయటికి పోయొచ్చి సూస్తే సంచులు వాటి బరువుకే సాగి, పిడులు ఊడి, కారుతున్నయి. యాసిడ్ పైపొరనే బాగుచేసింది, లోపట రబ్బరు పచ్చిదే.

ఈలోపల వూబర్న్ అనే ఊర్ల నథానియల్ హేవర్డ్ అనే పనోడు ఆయనకు దగ్గరైండు. రబ్బరుల గంధకం కలిపి ఎండకు పెడితే జిగట తగ్గుతదని హేవర్డ్ కనిపెట్టిండు. గుడ్‌ఇయర్ ఆ హక్కు కొనుక్కున్నడు. 1839ల, గంధకం కలిపిన రబ్బరు ముక్క ఒకటి కాలుతున్న పొయ్యికి తగిలింది. కరగాలె. కరగలే. తోలు లెక్క మాడింది. మాడిన అంచు పక్కన, మాడని సన్నని గీత ఒకటి, సాగుతున్నది, వదిలితే వాపసు వస్తున్నది. ఆ ముక్కను రాత్రంత బయట చలిల మొలకు కొట్టి ఉంచిండంటరు. పొద్దుగాల సూస్తే పగులలే.

అందరు దీన్ని లక్కు అంటరు. గుడ్‌ఇయర్ తన పుస్తకంల ఆ మాట ఒప్పుకోలే. ఎతుకుతున్నోని కండ్లకే అది కనవడుతది, ఎతుకనోనికి అది మాడిన ముక్కనే అని ఆయన లెక్క. ఆయన మాట నాకు సరిగ్గనే అనిపిస్తది. ఐదేండ్లు రబ్బరును పిసికిన చేయి గనుకనే ఆ గీతను గుర్తుపట్టింది.

లోపట ఏమైతదో చెప్పుత. పచ్చి రబ్బరు విప్పి కుప్పేసిన నులక లెక్క. పోగులన్నీ దేనికదే జారుతయి, ఎండకు ఇంకా జారుతయి. గంధకం కలిపి వేడి చేస్తే ఆ పోగుల నడుమ ముడులు పడుతయి. నులకతోని మంచం అల్లినట్టు. కూసుంటే వంగుతది, లేస్తే వాపసు వస్తది. ఆయన పేటెంటుల కొలత 25 పాళ్లు రబ్బరు, 5 పాళ్లు గంధకం, 7 పాళ్లు తెల్ల సీసం. వేడి దగ్గరదగ్గర 132 డిగ్రీల సెల్సియస్. సీసం విషమని ఇయ్యాల పిల్లలకు సుత తెలుసు, ఆయన ఏండ్ల తరబడి దాన్ని ఒట్టి చేతులతోని కలిపిండు.

కనిపెట్టినంక బతుకు బాగుపడాలె గదా? ఆ గీత ఎంత వేడికి, ఎంత సేపటికి వస్తదో తేల్చనీకె ఇంకో ఐదేండ్లు పట్టింది. క్లారిస్సా రొట్టె కాల్చే పొయ్యిల రబ్బరు పెట్టిండు, కెటిల్ ఆవిరికి పట్టిండు, ఇసుకల కాల్చిండు. ఇంట్ల సామానంత అమ్మిండు. పిల్లల బడి పుస్తకాలు సుత అమ్మిండు. బోస్టన్‌ల 5 డాలర్ల హోటల్ బిల్లు కట్టలేక జేలుకు పోయిండు. ఇంటికి వచ్చేసరికి చిన్న కొడుకు సచ్చిపోయి ఉన్నడు. పైసల్లేక, అడుక్కొచ్చిన బండిల ఆ చిన్న పెట్టెను పెట్టుకొని బొందలగడ్డకు తీసుకపోయిండని రాసిన్రు. పుట్టిన 12 మంది పిల్లల్ల ఆరుగురు చిన్నప్పుడే పోయిన్రు.

ఇక్కడ నా మాట ఒకటి. ఈ కథ రాసినోళ్లందరు ఆయన పట్టుదలను పొగుడుతరు. నాకు పొగడబుద్ధి కాదు. పొయ్యి ఇచ్చింది, రొట్టెల కర్ర ఇచ్చింది, ఆకలి భరించింది, బూట్లు కుట్టింది, పిల్లలను బొందవెట్టింది క్లారిస్సా. సరిగ్గ లెక్క రాస్తే ఆ పేటెంటు మీద ఆమె పేరు సుత ఉండాలె.

1844 జూన్ 15న పేటెంటు వచ్చింది, నంబరు 3633. కానీ ఇంగ్లాండుల థామస్ హాన్‌కాక్ అనే ఆయన చేతికి అప్పటికే గుడ్‌ఇయర్ రబ్బరు ముక్కలు చేరినయి. ఆయన వాటిని పరీక్షించి, గంధకం సంగతి పసిగట్టి, కొన్ని వారాల ముందే అక్కడ దరఖాస్తు పెట్టిండు. ఈ పద్ధతికి వల్కనైజింగ్ అని పేరొచ్చింది సుత హాన్‌కాక్ దోస్తు పెట్టిందే, రోమన్ల అగ్గి దేవుడు వల్కన్ పేరు మీద. ఇంగ్లాండు హక్కు పోయింది. ఫ్రాన్సుది సుత కాగితాల తిరకాసుల పోయింది. అమెరికాల దొంగచాటుగ చేసేటోళ్ల మీద కేసుల మీద కేసులు. 1852ల ట్రెంటన్ కోర్టుల పెద్ద కేసు నడిచింది. ఎదుటి పక్షం హొరేస్ డే అనే రబ్బరు వ్యాపారి. గుడ్‌ఇయర్ దిక్కు వాదించింది డేనియల్ వెబ్‌స్టర్, అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి. ఆయన ఫీజు 15,000 డాలర్లని చెప్తరు. కేసు గెలిచిన్రు. కానీ రబ్బరు బూట్లు చేసే హక్కులను గుడ్‌ఇయర్ అప్పటికే తక్కువకు ఇచ్చేసి ఉన్నడు. లాభం ఫ్యాక్టరీలోళ్లకు పోయింది. ఆ ఒక్క కేసుల వకీలుకు ముట్టినంత పైస, కనిపెట్టినోని చేతుల ఎన్నడు నిలువలే.

పైస వచ్చినా ఆయనకు దాచుడు తెల్వదు, అది సుత చెప్పాలె. 1851ల లండన్ ఎగ్జిబిషన్‌ల 30,000 డాలర్లు పెట్టి రబ్బరుతోనే గదులు కట్టిపెట్టిండు: రబ్బరు కుర్చీ, రబ్బరు పుస్తకం అట్ట, రబ్బరు దువ్వెన. తను సుత రబ్బరే తొడిగేటోడు. రబ్బరు టోపీ, రబ్బరు కోటు, రబ్బరు బూట్లు తొడిగి, పైస లేని రబ్బరు పర్సు పట్టుకొని ఎవడన్న కనవడితే వాడే గుడ్‌ఇయర్ అని జనం నవ్వుకునేటోళ్లు. రబ్బరు బూటును రోజు బట్టల్ల ఒకటి లెక్క తొడిగి ఊరంత తిరిగినోడు ఆయన. జనానికి పిచ్చోడు కనవడ్డడు. 1855 పారిస్ ఎగ్జిబిషన్‌ల ఇంకా ఎక్కువ ఖర్చు పెట్టి, అప్పు కట్టలేక అక్కడ జేల్ల పడ్డడు. ఫ్రాన్సు రాజు మూడో నెపోలియన్ ఇచ్చిన పెద్ద బిరుదు పతకం ఆయనకు జేల్లనే ముట్టింది.

1853ల క్లారిస్సా పోయింది. 1860ల బిడ్డకు సావుబతుకుల మీద ఉన్నదని కబురొస్తే సూడనీకి బయలెల్లిండు. న్యూయార్క్ దిగేసరికి బిడ్డ పోయిందన్నరు. ఆయన అక్కడ్నే హోటల్ల కూలబడి, జూలై 1న పానం ఇడిసిండు. వయసు 59. మిగిలిన అప్పు దగ్గరదగ్గర 2 లక్షల డాలర్లు.

బూటు మాత్రం నడిచింది. 1853ల హైరం హచిన్సన్ అనే అమెరికన్ గుడ్‌ఇయర్ పద్ధతి హక్కు తీసుకొని ఫ్రాన్స్‌ల లాంగ్లే అనే ఊరికాడ ఫ్యాక్టరీ పెట్టిండు. ఆయన తెలివి ఏందంటే, దొరలకు కాదు రైతులకు అమ్మాలని అనుకున్నడు. అప్పటిదాక ఫ్రాన్సు రైతులు కట్టెతోని తొలిచిన చెప్పులేసుకొని బురదల తిరిగేటోళ్లు. ఇండ్లకు పొడికాళ్లతోని వచ్చుడు వాళ్లకు అప్పుడే అలవాటైంది. 1856ల ఇంకో అమెరికన్ హెన్రీ లీ నారిస్ స్కాట్లాండుల ఎడిన్‌బరోల నార్త్ బ్రిటిష్ రబ్బర్ కంపెనీ పెట్టిండు. మొదటి ప్రపంచ యుద్ధంల సైనికులు కందకాలల్ల రోజుల తరబడి నీళ్లల్ల నిలబడి పాదాలు కుళ్లిపోతుంటే, ఆ కంపెనీ 11,85,036 జతల బూట్లు చేసి పంపింది. యుద్ధమైనంక గా బూటు పొలాలకు, శాపల రేవులకు, బడికి పోయే పిల్లల కాళ్లకు వచ్చింది.

ఇంగ్లాండుల దాన్ని వెల్లింగ్టన్ బూటు అంటరు. వెల్లింగ్టన్ అంటే ఎవలో కాదు, 1803ల అసాయె కాడ మరాఠాలతోని కొట్లాడిన ఆర్థర్ వెల్లెస్లీ. ఆయన అన్న రిచర్డ్ గవర్నర్ జనరల్ ఉన్నప్పుడే, 1798ల, హైదరాబాద్ నిజాం ఇంగ్లీషోళ్ల సైన్యాన్ని తన ఖర్చుతోని మోసే ఒప్పందం మీద సంతకం పెట్టిండు. వెల్లింగ్టన్ తొడిగింది తోలు బూటు. రబ్బరు బూటుకు ఆయన ఒక్క కుట్టు సుత ఏయలే. అయినా పేరు దొరకే పోయింది.

ఇంకో లెక్క సుత ఉన్నది. గుడ్‌ఇయర్ పద్ధతి వచ్చినంక రబ్బరు పాల గిరాకి పెరిగింది, సైకిల్ టైర్లు వచ్చినంక పిచ్చి లేసింది. ఆఫ్రికాల కాంగోను బెల్జియం రాజు లియోపోల్డ్ 1885 నుంచి 1908 దాక సొంత జాగీరు లెక్క ఏలి, చెప్పినంత రబ్బరు తేనోళ్ల ఊర్లు తగలబెట్టిచ్చిండు, చేతులు నరికిపిచ్చిండు. నీళ్లు సొరని బూటుల ఆ నెత్తురు సుత కలిసున్నది.

మనకాడికి వద్దాం. మన దేశంల 2000 నుంచి 2019 దాక పాము కాటుతోని ఏడాదికి సగటున 58 వేల మంది సచ్చిపోయిన్రని 2020ల అచ్చైన పరిశోధన లెక్కగట్టింది. ఎక్కువ సావులు వానకాలంల, ఊర్లల్ల. ఎక్కువ సావులున్న రాష్ట్రాలల్ల తెలంగాణ కలుపుకొని ఆంధ్రప్రదేశ్ సుత ఉన్నది. ఎక్కువ కాట్లు పడేది కాలికి. ఎలుకల మూత్రం కలిసిన మడి నీళ్లు పగిలిన మడిమెల నుంచి లోపటికి పోయి ఎలుక జ్వరం వస్తది. కొంకి పురుగు ఒట్టి పాదం తోలు నుంచే ఒంట్లకు సొచ్చి నెత్తురు తాగుతది. వీటన్నిటికీ మోకాలు దాక వచ్చే బూటు పెద్ద అడ్డు. 2005ల ఉపాధి హామీ చట్టం రాసినప్పుడు పనికాడ మంచినీళ్లు, నీడ, ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఉండాలని రాసిన్రు. బూటు ముచ్చట రాయలే. చట్టం రాసినోళ్లు మంచోళ్లే, వాళ్లు బురదల దిగినోళ్లు కాదు గంతే.

మీరు అంటరు, అన్నా, గమ్ బూటు తొడిగి నాటేయొస్తదా, కాలు దిగవడితే బూటు లోపట్నే ఉంటది, కాలు బయటికొస్తది అని. నిజమే. బరువు బూటు మడికి పనికిరాదు. జపాన్‌ల నాట్ల కోసమే వేరే బూటున్నది: పలుచని రబ్బరు, పిక్కకు అతుక్కొని మోకాలు దాక ఉంటది, బురద గుంజినా ఊడదు. అక్కడ మడిల దిగేటోళ్ల కోసం ఆలోచించినోడు ఒకడున్నడు కాబట్టి వచ్చింది. మనకాడ చెప్పుల కంపెనీలున్నయి, కేరళల రబ్బరు తోటలున్నయి, ఇంజినీరింగ్ కాలేజీలు జిల్లాకు ఎన్నో ఉన్నయి. గీ బూటు మన అవ్వల పాదం కొలతల, మన ధరల ఎవడు చేస్తడు? ఇంజినీరింగ్ సదివే తమ్ముండ్లు, చెల్లెండ్లు, ప్రాజెక్టు ఏం చేయాలె అని నన్ను అడిగేటోళ్లకు నేను గిదే చెప్తున్న.

అప్పటిదాక గట్ల మీదికి, నీళ్లు పెట్టనీకి రాత్రి పోయేటప్పుడు, పశువుల కొట్టంల, గడ్డి కోసేకాడ బజార్ల దొరికే బూటే తొడగన్రి. లోపట నూలు సాక్సు ఏసుకోన్రి, లేకుంటే చెమటకే పుండ్లు పడుతయి. ఇంటికొచ్చినంక కడిగి నీడకు బోర్లేయన్రి, ఎండకు పెడితే పగులుతది. ఇంకో ముచ్చట, రాత్రి బయట పెట్టిన బూటుల కాలు పెట్టే ముందు తలకిందులు చేసి రెండుసార్లు నేలకు కొట్టన్రి. తేలుకు సుత పొడిజాగ అంటే ఇష్టమే.